చెంబెడు అదృష్టం

"ఈ పసుపు దీపం ఎందుకు?" అడిగింది ఇస్క్రా.

"అందానికి మేడమ్!" అన్నాడు బోయన్.

ప్లోవ్‌దివ్ నగరంలో ఆ మోటార్‌సైకిల్ షోరూమ్ కొత్తగా తెరిచారు. బోయన్ అంతకు ముందు సోఫాలు అమ్మేవాడు. ఇప్పుడూ సోఫాలే అమ్ముతున్నాననుకుంటున్నాడు.

"మొదటి సర్వీసింగ్ ఎప్పుడు?"

"పుస్తకంలో ఉంటుంది మేడమ్."

"పుస్తకమేదీ?"

"వస్తుంది మేడమ్. ముందు సీటు చూడండి, ఎంత మెత్తగా ఉందో!"

ఇంకో రోజైతే ఇస్క్రా అతణ్ణి కడిగి పారేసేది. ఇవాళ కాదు. ఎదురుగా ఎర్రబండి మెరిసిపోతోంది. అది తనది!

చిన్నప్పటి నుంచీ పెంచిన నానమ్మ స్తోయాంకను ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆవిడ ఒక్క షరతు పెట్టింది.

"బండి గడప దాటేటప్పుడు ఒక్క అపశకునం జరిగినా సరే, తాళం నా జేబులోకొస్తుంది."

రేపే ఈ ఏటి సవారీల ఆరంభం. ఊళ్ళోని మోటార్‌సైకిళ్ళన్నీ చౌరస్తాలో చేరతాయి. చర్చి ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లుతారు. ఆ వరసలో తన బండి కూడా ఉండాలి. ఇస్క్రాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

పక్కన ఒక ముసలాయన వంగి టైర్లు తడిమి చూస్తున్నాడు. నెరిసిన జుట్టు వెనక్కి కట్టుకున్నాడు. గుండెల దాకా గడ్డం. జాకెట్ మోచేతుల దగ్గర అతుకులు.

"కొత్త టైర్లు మొదట్లో జారతాయి కదా బాబూ, ఆ అమ్మాయికి చెప్పవేం?"

బోయన్ నవ్వాడు. "పాతవి జారతాయి గానీ కొత్తవెందుకు జారతాయండీ! జిగురులా పట్టుకుంటాయి."

"పైన మైనంలాంటి పూత ఉంటుంది. అరిగేదాకా..."

"బండి నాదండీ. మీకెందుకు?" అనేసింది ఇస్క్రా.

ఆయన టైరును ఇంకోసారి తడిమి లేచాడు.

ఇస్క్రా ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఆ చప్పుడుకి ఒళ్ళంతా పులకరించింది.

నానమ్మ అప్పటికే షోరూమ్ గుమ్మం ముందు నిలబడింది. చేతిలో రాగిచెంబు. అందులో నీళ్ళు, ఎర్రదారం కట్టిన జిరేనియం పూలకొమ్మ. మనవరాలు బడికి వెళ్ళిన మొదటిరోజు కూడా గడప ముందు ఇలాగే నీళ్ళు ఒలకబోసింది. కొత్త దారి నీళ్ళలా సాఫీగా సాగిపోవాలి మరి.

గుమ్మం నుంచి రోడ్డు దాకా నున్నటి రాతి వాలు.

"నీళ్ళలా సాగిపో తల్లీ!" అంటూ చెంబు ఎత్తింది.

ముసలాయన ఒక్క అంగలో వచ్చి చెంబు లాక్కున్నాడు. గటగటా తాగేశాడు. చుక్క కూడా మిగల్చలేదు.

స్తోయాంక కొయ్యబారిపోయింది. తర్వాత మొదలెట్టింది.

"ఓరి శనిగ్రహమా! నా పిల్ల అదృష్టం తాగేశావు కదరా! నీకు దాహమేస్తే వీధిలో కుళాయి లేదూ?"

"అది కాదమ్మా, ఆ రాళ్ళ మీద నీళ్ళు పడితే..." జిరేనియం కొమ్మ ఆయన పళ్ళ మధ్య ఉండిపోయింది.

"మళ్ళీ మాట్లాడతావా! ఇలా తే!" చెంబు గుంజుకుని దాంతోనే ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆయన తలవంచి నమస్కరించి, కొమ్మ జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

స్తోయాంక తాళం లాగేసుకుంది. ఇంజిన్ ఆగిపోయింది. ఇస్క్రా గుండె కూడా ఆగినంత పనైంది.

"బామ్మగారూ, చెంబుదేముంది, బకెట్టే పోస్తాను!" అన్నాడు బోయన్. అన్నంత పనీ చేశాడు. "అపశకునం లేదు, ఏం లేదు. చూడండి, ముందు నేనే దిగి చూపిస్తా."

షోరూమ్‌లోని ఇంకో కొత్తబండి ఎక్కాడు. ఠీవిగా గుమ్మం దాటాడు.

వాలు సగంలో బండి ఒకవైపు, బోయన్ ఒకవైపు. అలా జారుతూ జారుతూ రోడ్డు మీదికి పోయాడు. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ అతని బూటును రాసుకుంటూ వెళ్ళింది.

ఒంటికేం కాలేదు. ప్యాంటు మాత్రం మిగల్లేదు.

ఇస్క్రా ఆ తడిరాళ్ళకేసి చూసింది. అక్కడ పడాల్సింది తను. ఆ చెంబు ఆయన తాగకపోయుంటే!

రోడ్డు మీదికి పరుగెత్తింది. అటూ ఇటూ చూసింది. ఆయన లేడు. పేరైనా అడగలేదే! పైగా మీకెందుకు అంది.

"నానమ్మా, ఆయన నన్ను కాపాడాడే!"

"కాపాడాడా? వాడు నీళ్ళు తాగబట్టే ఈ కుర్రాడు పడ్డాడు! రేపు ఫాదర్‌నే అడుగుతా. ఆయన సరేనంటే తాళం ఇస్తా. లేదంటే బండి వాపస్."

మర్నాడు ముందు నానమ్మ, జేబులో తాళం. వెనక ఎర్రబండి నెట్టుకుంటూ ఇస్క్రా. చౌరస్తాకు చేరేసరికి చెమటతో తడిసిపోయింది. అయినా అన్ని బళ్ళను ఒక్కచోట చూసేసరికి కళ్ళు మెరిశాయి.

జనం పక్కకు తప్పుకున్నారు. బంగారు జరీ అంగీ, పొడుగాటి నల్లటోపీ కనబడగానే స్తోయాంక మోకాళ్ళ మీద కూలబడి, ఫాదర్ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. తల ఎత్తకుండానే మొరపెట్టుకుంది.

"ఎవడో దరిద్రుడు మా పిల్ల అదృష్టం తాగేశాడు స్వామీ! వాడి గొంతు ఎండిపోను! ఈ బండి ఇమ్మంటారా, వద్దంటారా?"

పైనుంచి చిన్న నవ్వు వినిపించింది. "ఇచ్చెయ్యమ్మా. మెల్లగా పొమ్మను."

పవిత్రజలం ఇస్క్రా హెల్మెట్ మీద, హ్యాండిల్ మీద, సీటు మీద పడింది. టైర్ల మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

ఇస్క్రా హెల్మెట్ అద్దం పైకెత్తి ఆయన మొహంలోకి చూసింది.

స్తోయాంక తాళం తీసి మనవరాలికిచ్చి, అప్పుడు తల ఎత్తింది. తను ముద్దు పెట్టుకున్న ఆ చేతిలో, నీళ్ళు చల్లే తులసికట్ట మధ్యలో, ఎర్రదారం కట్టిన జిరేనియం కొమ్మ ఉంది.