మారని డ్రాయింగు

“గీ ర్యాంపు యాడ్నుంచి వచ్చింది జనార్దన్? గీడ మెడికల్ షాపుకు మడిగె పెట్టుమన్న గదా!”

మహబూబాబాద్‌లో పూర్తి కావచ్చిన కొత్త దవాఖాన ముందు నిలబడి బిల్డింగు ఓనరు పురుషోత్తం కేకలేస్తున్నాడు. జనగామలో డిజైన్ ఆఫీసు నడిపే జనార్దన్ తల దించుకున్నాడు. ఆయన వెనక జమున నిలబడి ఉంది. ఈ బిల్డింగు మోడల్‌ను కంప్యూటర్లో తయారుచేసింది ఆమే.

జనార్దన్‌ను పక్కకు పిలిచింది. “నా తప్పే సార్. ఆర్కిటెక్టు డ్రాయింగును మోడల్‌కు లింకు చెయ్యాల్నుండె. నేను ఇంపోర్టు చేసిన.”

ఆయనకు విషయం అర్థమైంది. లింకు చేస్తే అసలు డ్రాయింగులో వచ్చిన మార్పు మోడల్‌లోకీ వస్తుంది. ఇంపోర్టు చేస్తే పాతదే అతుక్కుని ఉండిపోతుంది. మొదటి డ్రాయింగులో ర్యాంపు ఉంది. ఓనరు దాన్ని తీసేయించి షాపు గది పెట్టించిన కొత్త డ్రాయింగు మోడల్‌లోకి రానేలేదు; మేస్త్రీలు మోడల్ ప్రకారమే కట్టేశారు.

“కొత్తోళ్లకు గిది నేర్పేదే నువ్వు గదా బిడ్డా! నాలుగేండ్లల ఒక్క తప్పు చెయ్యలే.” జనార్దన్ నిట్టూర్చాడు. “మీ బాపు పానం బాగలేక పరేషాన్ల ఉన్నవ్. తొందరల అయ్యుంటది.”

జమున ఆ సాకు తీసుకోలేదు. “నా పేరే చెప్పుండ్రి సార్,” అంది.

“నువ్వు జర ఊకో.” ఆయన పురుషోత్తం దగ్గరికి నడిచాడు. “చూసుకోకుండ పంపింది నేనే సేట్. తప్పు నాది.”

“పగలగొడదామంటే కిరాయికి తీసుకున్న డాక్టర్ సాబుకు ముహూర్తం దగ్గరికొచ్చె. జనగామ బిల్డింగు మాత్రం నీకియ్య, పో!”

ఆరు నెలలుగా జనార్దన్ ఆశపెట్టుకున్న పని అది. తిరిగి వస్తుంటే ఆయన ఆ మాటే ఎత్తలేదు. పైగా దారిలో కారాపి చాయ్ ఇప్పించాడు. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని జమునకు ఏడుపొచ్చింది.

దవాఖాన తెరిచిన రోజు ఇద్దరూ వెళ్లారు. గుమ్మానికి ఎనిమిది మెట్లు. ఆ పక్కనే ర్యాంపు మీద, గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన రుక్కి చక్రాల కుర్చీని తోసుకుంటూ ఎక్కుతోంది. కుర్చీలో ఆమె భర్త లింగ్యా. పైకి చేరాక రుక్కి, తన కూతురైన జమునను చూసి నవ్వింది.

“మీ బాపును వీపు మీద మొయ్యకుంట దవాఖానకు తెచ్చుడు గిదే మొదలు బిడ్డా.”

జనార్దన్ కళ్లు చెమ్మగిల్లాయి. “చూసినవా, నీ పొరపాటు గూడ ఒకందుకు మంచిదే అయ్యింది!”

జమున ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

అది పొరపాటు కాదు.