అన్నీ అందినయ్ మేడం

ఎక్కడో ఒక దేశం చైనా తువ్వాళ్ల మీద పెద్ద సుంకం బాదింది. చైనాలో నూలూ సర్కారుదే, కరెంటూ సర్కారుదే, ఆ ధర అసలు ధరే కాదు పొమ్మంది.

ఆ దెబ్బకు ఆ దేశం నుంచి సిద్దిపేటలోని ఓ చేనేత సంఘానికి పదివేల తువ్వాళ్ల ఆర్డరొచ్చింది. మూలనపడ్డ పద్దెనిమిది మగ్గాలు మళ్లీ ఆడుతున్నాయి. రెండో ఆర్డరూ వస్తే ఏడాదంతా ఆడతాయి. రాకపోతే అందరూ ఇంటికే.

అలాంటి రోజుల్లో సంఘం ముందు తెల్లకారు ఆగింది. ఫైలు పట్టుకుని ఒకావిడ దిగింది.

తెల్లకారూ ఫైలూ అంటే తనిఖీయే. సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం కండువా సర్దుకుని ఎదురెళ్లాడు. పోయినసారి వచ్చిన సారుతో "సర్కారు నుంచి మాకేం అందలే" అని కొట్లాడాడు. సారు మొహం ముడుచుకుని పోయాడు. మళ్లీ ఎవరూ ఇటు తొంగిచూడలేదు. మంచి రిపోర్టు పోతే రెండో ఆర్డరూ వస్తుందనుకుని, ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు.

"నా పేరు ప్రమీలాదేవి. హైదరాబాద్ నుంచి వచ్చాను. నన్ను పంపింది..."

"ఎవలు పంపితేంది మేడం, మీరొచ్చుడే మా అదృష్టం. కూసోన్రి, చాయ్ తాగున్రి."

"నూలు ఎక్కడ కొంటారు?"

"కొనుడేంది మేడం? సర్కారే ఇస్తది."

మగ్గం మీదున్న బాలవ్వ చేతిలో పోగు లాగే నాడె ఆగింది. "ఏ సర్కారు రాజం? మొన్న బస్సు మీదేసుకొని మోసుకొచ్చింది నువ్వే గద."

"నువ్వూకో అవ్వా. పెద్దమనిషి మేడం, యాది తప్పుతది."

"కరెంటు?"

"ఫ్రీ."

"ఈ షెడ్డు?"

"సర్కారుదే."

ఇంటికో రేకు కొని కప్పుకున్న షెడ్డది. బాలవ్వ పైకప్పును చూసింది, తర్వాత రాజాన్ని చూసింది.

"కూలి?"

"సగం మేమిస్తం, సగం సర్కారిస్తది."

"మరి తువ్వాలు ధర ఎవరు నిర్ణయిస్తారు?"

లక్ష్మీరాజం చాయ్ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. మొదలుపెట్టాక తగ్గడం ఎందుకు?

"గది గూడ సర్కారు చెప్పినట్టే మేడం."

ఆమె అంతా రాసుకుని సంతకం అడిగింది. లక్ష్మీరాజం సంతకం పెట్టి, అడగకపోయినా సంఘం ముద్ర కూడా గుద్దాడు. కారు మలుపు తిరిగేదాకా జోడించిన చేతులు దించలేదు.

"చూసినవా అవ్వా, ఎంత ఖుషీగ పోయిందో. రెండో ఆర్డరు మనదే."

"ఖుషీ ఎందుకైందో గదే నాకు సమజ్ గాలే" అంది బాలవ్వ.

ఊరు దాటగానే ప్రమీలాదేవి ఫోన్ తీసి, తనను పంపిన చైనా మిల్లు వకీలుకు చెప్పింది: "సార్, మన మీదేసిన సుంకం వీళ్ల మీదా వేయించొచ్చు, సంతకం, ముద్ర రెండూ దొరికాయి."