చెవిలో దూది

“ముందు ఆ దూది తీసెయ్యమ్మా!”

ఎదుటి సీట్లో ముసలాయన అరిచినట్టే అన్నాడు. రైలు పెట్టెలో అందరూ ఇటు తిరిగారు.

వీరదుర్గకి చిర్రెత్తుకొచ్చింది. అరకులో అక్క ఇంట్లో నాలుగు రోజులుండి, పెంటపాడు తిరిగి వెళుతోంది. నాలుగేళ్ల భానుకి అక్కడి చలికి జలుబు పట్టింది. గాలి సోకకుండా వాడి రెండు చెవుల్లోనూ దూది కూరి, మఫ్లర్ చుట్టింది. ఏ తల్లయినా అదే కదా చేసేది!

“జలుబుకి పెట్టానండీ,” అంది ముక్తసరిగా.

“రైలు కొండ దిగుతోంది. పైగా సొరంగాలు. గాలి ఒత్తిడికి చెవులు దిబ్బడేస్తాయి. దూది ఏం ఆపుతుంది? గుటకలు వేయించాలి. ఇదిగో, ఈ అల్లం బిళ్ల చప్పరించమను. మాది కైకలూరు, భయపడకు.”

మళ్లీ అదే కేక. పైగా రెప్పవేయకుండా ఆమె నోటివంకే చూస్తున్నాడు.

“తెలియనివాళ్లు ఇచ్చింది మేం తినమండీ.”

సొరంగం వచ్చింది. భాను చెవులు పట్టుకుని ఏడ్చాడు. ముసలాయన ఆగలేక వంగి, దూది లాగబోయాడు.

వీరదుర్గ ఆ చేతిమీద ఫెడీమని కొట్టింది.

“పిల్లాడి మీద చెయ్యేస్తారా? ఇందాకట్నుంచీ నా మొహంలోకి ఆ చూపులేమిటండీ? ఈ వయసులో సిగ్గులేదూ!”

ఇంకేముంది, నలుగురూ లేచారు. ఆయన సంచీ తలుపు దగ్గర పడేశారు. ఆయన వెళ్లి అక్కడ నిలబడ్డాడు. టీ అమ్మేవాడు వెనకనుంచి ఎన్నిసార్లు అరిచినా దారివ్వలేదు.

“పొగరు చూడండి!” అన్నారెవరో.

సొరంగం వచ్చేముందల్లా ఆయన భాను వైపు తిరిగి, నోరు బార్లా తెరిచి, గుటక వేసి చూపించేవాడు. భాను నవ్వి, అలాగే చేసేవాడు. వాడి ఏడుపు ఆగింది.

“వెక్కిరిస్తున్నాడు,” అని వీరదుర్గ వాడి మొహం తనవైపు తిప్పేసుకుంది.

తర్వాతి సొరంగంలో భాను గావుకేక పెట్టాడు. బయటికొచ్చాక చూస్తే, ఎడమచెవి దూది ఎర్రగా తడిసి ఉంది.

విశాఖ స్టేషన్లో డాక్టరు చూసి తల విదిలించాడు.

“కర్ణభేరికి చిల్లి పడిందమ్మా. చప్పరించడానికేదైనా ఇవ్వాల్సింది. వినికిడి ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను.”

వీరదుర్గ రెండో చెవి దూది తీసి పారేసింది. తన చేతులారా చేసుకుంది.

తాము ఎక్కాల్సిన ఏలూరు వైపు రైలు వేరే ప్లాట్‌ఫారానికి మారిందని మైకులో చెప్పారు. అందరూ పరుగెత్తారు. ఆమె కూడా భానుని ఎత్తుకుని పరుగెత్తి ఎక్కింది.

కిటికీలోంచి చూస్తే, పాత ప్లాట్‌ఫారం మీద ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఖాళీ పట్టాలవైపు చూస్తూ.

“ఏవండీ! రైలు ఇటండీ! బాబాయిగారూ!” గొంతు చించుకుని అరిచింది.

భాను ఊచలకి మొహం ఆనించి, నోరు బార్లా తెరిచి చూపించాడు. ఆయన తిరగలేదు. రైలు కదిలింది.

“ఊరికే అరవకమ్మా,” అన్నాడు పక్కసీట్లో అప్పుడే కూర్చున్న పెద్దమనిషి. “ఆయన మా కైకలూరు సిరాజుద్దీన్ గారు. అరకు కొండల్లో సొరంగం పనికెళ్లి, బండలు పేల్చేటప్పుడు రెండు చెవులూ పోగొట్టుకున్నారు. ఎదుటివాళ్ల నోరు చూస్తేగానీ ఆయనకి మాట తెలియదు.”