వాగు మలుపులో హేమ్లి

ఆ పొద్దున వచ్చిన లారీ కూడా దూలయ్య టీ కొట్టు ముందు ఆగలేదు.

కాస్త దూరాన, వాగు మలుపులో ఆగింది. అక్కడ హేమ్లి కొట్టు ఉంది.

"మళ్ల ఆమె కాడనే ఆపిండు," అన్నాడు దూలయ్య పళ్లు కొరుకుతూ.

"ఆమె చాయ మంచిగుంటదట," అంది భార్య సమ్మక్క.



భద్రాచలం పోయే ఆ అడవి బాటలో ఏళ్లుగా ఉన్నది అతని కొట్టొక్కటే. పట్నం ఫ్యాక్టరీల విషపు నీళ్లు డ్రమ్ముల్లో నింపుకుని లారీలు ఆ దారినే పోయేవి. వాగు కంపు కొడుతోందని, ఆ లారీలు మాకొద్దని ఊరంతా మండలాఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంది. దూలయ్య వెళ్లలేదు. లారీలు రాకుంటే అతని పొయ్యి వెలగదు.

వానలు వెనకబట్టాక హేమ్లి ఎక్కడి నుంచో వచ్చింది. వాగులోకి దిగే బాటకు అడ్డంగా గుడిసె వేసింది. వచ్చిన ప్రతి లారీకీ చెయ్యెత్తేది. డ్రైవర్లు "అక్కా" అంటూ దిగేవారు. టీ తాగి, తలవంచుకుని పోయేవారు.

దూలయ్య కొత్త తడిక కట్టాడు. పకోడీలు వేశాడు. రేడియో పెట్టాడు. ఒక్కడూ రాలేదు.

చివరికి ఫారెస్టు గార్డు గోపాలును పిలిచి వేడి పకోడీలు ముందు పెట్టాడు.

"అడవి జాగల గుడిసె ఏసింది సారూ. మీరు ఊకుంటే ఎట్ల?"

మధ్యాహ్నానికల్లా గుడిసె కూలింది. హేమ్లి ఏడవలేదు.

"గుడిసె పోతే పోనీ సారూ. నన్ను ఈ బాట మీద కూసోనియ్యుండ్రి, సాలు."

"కూసుంటే కేసైతది. నడువ్."

ఆమె గిన్నెలు మూటగట్టుకుని వచ్చి దూలయ్య ముందు ఆగింది.

"అన్నా, నీ కొట్టు మలుపుకాడికి జరుపుకో. ఆ బాట ఖాళీగ ఉంచకు."

"నువ్వు నాకు చెప్పుడేంది?"

హేమ్లి మూట నెత్తికెత్తుకుంది. బస్సెక్కి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి లారీలు దూలయ్య దగ్గరే ఆగాయి.

"సూసినవా? ఇప్పుడు ఎవలి చాయ మంచిగున్నది?" అన్నాడు భార్యతో.

ఎన్నో రోజులు కాలేదు. వాగులో చేపలు తెల్లగా తేలాయి. నీళ్లు తాగిన దూలయ్య బర్రె ఒడ్డునే పడిపోయింది. బట్టలు ఉతకడానికి దిగిన సమ్మక్కకు మోకాళ్ల దాకా బొబ్బలెక్కాయి.

ఆమెను దవాఖానాలో చేర్చి వచ్చిన దూలయ్య, కొట్టు ముందు ఆగి ఉన్న లారీ డ్రైవరు బద్యా చొక్కా గల్లా పట్టుకున్నాడు.

"ఈ నడుమ మంచిగైన వాగుల మళ్లెందుకు ఒంపిన్రురా?"

బద్యా విడిపించుకోలేదు.

"గుట్టలవతల గుంతల ఒంపాలె మేము. దూరమని ముందునుంచి ఈడనే ఒంపేటోళ్లం. హేమ్లక్క వచ్చి కూసున్నంక ఎవ్వనికీ చేతులు రాలే."

"ఎందుకు? ఎవలామె?"

బద్యా వాగు వైపు చూశాడు.

"హాతీరాం అని మాతోటి డ్రైవరే. ఆడు ఇంకో వాగుల ఒంపిన నీళ్లు తాగి ఆని బిడ్డనే సచ్చిపోయింది అన్నా. ఆ బిడ్డ తల్లి, హేమ్లక్క."