పొగాకు వరస పురుళ్ళు

“నిజం చెప్పు అన్నా, పొగాకు పొడి ఎవరు మింగారు? ఎలుకలా, నువ్వా?”

పరిశోధన చేసే అమ్మాయి గొంతు ఆ గదిలో అంత గట్టిగా లేవడం అదే మొదటిసారి. ఎలుకల్ని సాకే మనిషి దాణా గిన్నె పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. అతని పొగాకు డబ్బాలోంచి తీసి దట్టించిన ముద్ద బుగ్గన ఉండనే ఉంది. ఆ బుగ్గతో ఎన్ని ఒట్లు వేస్తే మాత్రం ఎవరు నమ్ముతారు పాపం!

అమ్మాయి కోపంలో న్యాయం లేకపోలేదు. పై వరస పంజరాల్లోని తెల్ల ఎలుకలకు ఉత్త దాణా, కింది వరస వాటికి పొగాకు కలిపిన దాణా. నాలుగు నెలలుగా ఇదే తిండి. పొగాకు తిన్నవాటికి గర్భం నిలవకపోవడమో, పిల్లలు తగ్గడమో జరగాలి. తీరా చూస్తే కింది వరసలో ఆరు తల్లులూ పదేసి పిల్లల్ని పెట్టి, వాటిని పొట్ట కింద పొదువుకుని హాయిగా పాలిస్తున్నాయి.

“రేపు మా ప్రొఫెసర్ వస్తారు. పొగాకు వల్ల ఏ హానీ లేదని రాసివ్వనా? నిన్ను పనిలోంచి తీసేయమని రాసివ్వనా? నువ్వే చెప్పు!”

“రోజూ మీ కళ్ళ ముందే కదా మేడం తూచి కలిపింది! చిటికెడు తీసుంటే నా చేతులు పడిపోవాలి. అసలీ మధ్య నా పొగాకే నాకు ఎక్కట్లేదు, ఇక మీదెందుకు తింటాను? ఉద్యోగం పోతే పోయింది, దొంగని మాత్రం అనకండి.”

తూకంలో తేడా లేదని అమ్మాయికీ తెలుసు. కాసేపు ఆలోచించి, అల్మారాలోంచి పొడి సీసా తీసి మూత విప్పింది. పైపైన పొగాకు ఘాటు. స్పూను అడుగుకంటా దించి తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

“ఇదేంటి? టీ పొడి!”

మూల పంజరాలు కడుగుతున్న అతని భార్య చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆ సీసా నింపే పని ఆమెదే. అది చూసి అతను ఒక్క ఉదుటున ముందుకొచ్చి, “నేనే మేడం, నేనే మార్చాను. అసలుదంతా నేనే నమిలేశాను,” అని గడగడా ఒప్పేసుకున్నాడు. ఇందాక పడిపోవాల్సిన చేతులు ఇప్పుడు దండం పెడుతున్నాయి.

“చాల్లెండి, ఊరుకోండి! అబద్ధమాడటం కూడా రాదు మీకు.” భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “మార్చింది నేను మేడం. మీరందరూ తాగాక మిగిలిన టీ పొడే. ఎండబెట్టి, వేయించి, మెత్తగా నూరి పోశాను. వాసన కోసం పైన కాస్త పొగాకు చల్లాను.”

“ఎందుకక్కా?”

“పెళ్ళై ఎనిమిదేళ్ళు. ఒక్క నలుసు కోసం నేను ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. అలాంటిదాన్ని, కడుపుతో ఉన్న తల్లులకు అది నూరి ఎలా పెట్టను? చేతులు రాలేదు మేడం. తప్పే. నన్ను పంపేయండి, ఈయన్నేమీ అనకండి. ఈయనకి ఈ ఎలుకలు లేకపోతే అన్నం సయించదు.”

అమ్మాయి స్టూలు మీద కూలబడింది. తప్పు నాదంటే నాదని కొట్టుకుంటున్న ఆ ఇద్దర్నీ చూస్తే కోప్పడదామన్నా కోపం రాలేదు.

“మిమ్మల్నేమనాలో నాకు తెలియట్లేదు. నాలుగు నెలల కష్టం మట్టిపాలైంది. రాసుకోవడానికి ఒక్క ఫలితం కూడా లేదు.”

భార్య తలొంచుకుంది. చెవుల దాకా ఎర్రబడిపోయి, భర్త వైపు ఓరగా చూసి మెల్లగా అంది.

“ఒకటుంది మేడం. నాలుగు నెలలుగా ఈయన పొగాకు డబ్బాలోనూ ఆ టీ పొడే పోస్తున్నాను... నాకిప్పుడు రెండో నెల.”