తడినేల

నా భార్య కోసం తవ్విన గోతిలోకి దిగి, గోడను చాకుతో గీరాను. నేలల సర్వేలో మేమిద్దరం చేసిన పనే అది.

"నీ పిచ్చి ఇక్కడ కూడానా బావా? పైకి రా," అన్నాడు బావమరిది.

"ఈ బూడిదరంగు మచ్చలు చూడు. పాత వర్గీకరణలో ఇది వట్టి ఎర్రనేల. కొత్తదానిలో నీళ్లు నిలిచే నేల. వానాకాలమంతా తను తడిలోనే ఉంటుందిరా. పక్క స్థలం గరపనేల, చుక్క నిలవదు. అక్కడ తవ్వించు."

"అది నీది. జబ్బు సంగతి తెలిసిన వారంలోనే అక్క వచ్చి రెండు చోట్లా తవ్వించి చూసింది. 'మీ బావకి తడి పడదురా, పొడినేల ఆయనకి ఉంచు' అంది."

"ఇప్పుడు మార్చరా."

"ఒట్టు వేయించుకుంది బావా."

అతను చెయ్యి చాచాడు. పట్టుకుని పైకి వచ్చాను.