పది నిమిషాల కుళాయి

“నోరు జారావో, ముందు నీ కుళాయే పీకేయిస్తా!” గుమ్మంలో నిలబడి వేలు చూపించాడు కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు.

“మరేం చెప్పమంటావన్నా?” అంది టైలరమ్మ.

“మూడు నెలలుగా రోజూ నీళ్లొస్తున్నాయని చెప్పు. ఇవాళ తనిఖీకొచ్చే ఆఫీసరు అలా రాసుకుంటేనే పేదల కుళాయిలకని సర్కారు ఇచ్చే డబ్బు మా చేతికొస్తుంది. అదొస్తేనే మోటారు బిగిస్తాం. లేదంటే ఆ కుళాయి గోడకి అలంకారమే!”

కుళాయి పెట్టి మూడు నెలలైన మాట నిజమే. చుక్క రాలితే ఒట్టు! లోపల మంచాన పక్షవాతం వచ్చిన అత్తగారు. రోజుకి నాలుగు దుప్పట్లు ఉతకాలి. వీధి చివర బోరింగు దగ్గర బిందె బిందెకీ ఓ యుద్ధం. ఆ మోటారు కోసం టైలరమ్మ ఎంత అబద్ధమైనా ఆడుతుంది.

“మరి ఇవాళ నీళ్లెలా వస్తాయి?”

“సందు వెనక ట్యాంకరు పెట్టి పైపుకి కలిపాం. పది నిమిషాలొస్తాయి, చాలు. ష్... వచ్చేస్తున్నాడు.”

తనిఖీ ఆఫీసరు బక్కపలచటి మనిషి. ముఖాన నవ్వన్నది లేదు. వస్తూనే కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. సూపర్‌వైజరుకి ముచ్చెమటలు పోశాయి. ఆ తర్వాత దబదబా నీళ్లు పడ్డాయి.

“రోజూ వస్తున్నాయామ్మా?”

“వస్తున్నాయి సార్. పొద్దున గంట, సాయంత్రం గంట.”

“మొన్న ఆదివారం?”

“ఆదివారమూ వచ్చాయి సార్. దుప్పట్లన్నీ ఉతుక్కున్నాను.”

“ఏమే, అది కుళాయి చప్పుడేనా?” లోపల్నుంచి అత్తగారు అరిచింది.

సూపర్‌వైజరు టైలరమ్మకి కళ్లతో సైగ చేశాడు.

“రోజూ వినేదేగా అత్తయ్యా! పడుకోండి!” టైలరమ్మ తడుముకోకుండా అంది.

ఆఫీసరు తలాడించి, వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగాడు. కాగితం తలుపుకి ఆనించి రాయసాగాడు. సూపర్‌వైజరు పక్కనే నిలబడి, “ఇక్కడ సార్, ఈ గడిలో సార్” అంటూ చూపించాడు. ఇక సంతకాలే మిగిలాయి.

“ముందు నువ్వు సంతకం పెట్టాలమ్మా” అంటూ ఆఫీసరు వెనక్కి తిరిగాడు.

సూపర్‌వైజరూ తిరిగాడు. తిరిగి, కొయ్యబారిపోయాడు.

బకెట్టు నిండింది. రెండు బిందెలూ నిండాయి. అన్నం గిన్నె, మూకుడు, టీ గ్లాసులు, అన్నీ అంచుల దాకా నిండి వరసగా ఉన్నాయి. టైలరమ్మ ఒళ్లు తెలియకుండా ఇంకా నీళ్లు పట్టుకుంటూనే ఉంది.

ఆఫీసరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

“రోజూ నీళ్లొచ్చే ఇంట్లో, మందుసీసా మూతలో కూడా పట్టుకుంటారా తల్లీ?”